కేబుళ్లు కలిపే ఉద్యోగం మానిపించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ పూర్తిచేసి, వైట్‌ఫీల్డ్‌లోని ఒక డేటా సెంటర్‌లో టెక్నీషియన్‌గా చేరాడు. స్విచ్‌ల మేనేజ్‌మెంట్ పోర్టులకు కేబుళ్లు కలపడమే పని అంటున్నాడు. దీన్ని మానిపించి మారతహళ్లిలో క్లౌడ్ కోర్సులో చేర్పించాలని ఉంది. రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మీ అసలు బాధ ‘ఇంజనీరింగ్ చదివించింది వైర్లు బిగించడానికా’ అన్నది. ఈ బాధతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కనుక, ముందు ఆ పని ఏమిటో చెబుతాను.

స్విచ్ అంటే కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ పరికరం. దాన్ని అదుపుచేయడానికి ఉన్న మేనేజ్‌మెంట్ పోర్టుల్లో ఒకటి కన్సోల్ పోర్టు. చాలా స్విచ్‌లలో అది చూడడానికి మామూలు నెట్‌వర్క్ పోర్టులాగే ఉంటుంది, అదే ఆర్‌జే-45 ప్లగ్గు అందులోనూ పడుతుంది. కానీ అందులో నడిచేది మామూలు నెట్‌వర్క్ సంకేతమైన ఈథర్నెట్ కాదు, కంప్యూటర్ నుంచి నేరుగా ఆ పరికరానికి ఆదేశాలు పంపే సీరియల్ సంకేతం. సిస్కో కంపెనీ పరికరాలకు వాడే లేత నీలం రోల్‌ఓవర్ కేబుల్‌లో ఒక కొసన ఉన్న 1వ పిన్ను రెండో కొసన 8వ పిన్నుకు వెళుతుంది, మిగిలినవన్నీ అదే క్రమంలో తిరగబడతాయి. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ వేగం సెకనుకు 9600 బిట్లు ఉండవలసిన చోట వేరే అంకె పెడితే తెర మీద పిచ్చి గీతలు తప్ప ఏమీ కనిపించవు. ఇక మేనేజ్‌మెంట్ ఈథర్నెట్ పోర్టును విడిగా ఉన్న నెట్‌వర్క్‌కు కలిపేది, అసలు నెట్‌వర్క్ పడిపోయినా ఇంజనీరు పరికరంలోకి వెళ్లగలగాలనే. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సేవలు సుమారు 6 గంటలు నిలిచిపోయినప్పుడు ఈ ప్రత్యామ్నాయ దారి కూడా పనిచేయకపోవడంతో, ఆ సంస్థ ఇంజనీర్లను స్వయంగా డేటా సెంటర్లకు పంపవలసి వచ్చింది. మీ అబ్బాయి చేతిలో ఉన్నది అటువంటి దారి.

క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్లను నడపడం, నేర్చుకోవడం తప్పని నేను అనను. అయితే కొద్ది నెలల్లో ముగించే కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. అక్కడి ల్యాబ్‌లో అంతా ముందే అమర్చి ఉంటుంది. విద్యార్థి మెనూలో నొక్కుతూ వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్) తయారుచేస్తాడు, అది పనిచేస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది. అది పనిచేయనప్పుడు తప్పు ఎక్కడుంది, సబ్‌నెట్‌లోనా (నెట్‌వర్క్‌ను విభజించిన చిన్న భాగం), రూటింగ్‌లోనా (డేటా వెళ్లే దారి), ఫైర్‌వాల్‌లోనా (అనుమతి లేని డేటాను ఆపేది) అని వెతకడం అక్కడ అలవాటు కాదు, ఇంటర్వ్యూలో అడిగేది మాత్రం అదే. కొత్తవారిని అనుభవం లేదని పక్కన పెట్టే ఊళ్లో, అనుభవం వస్తున్న ఉద్యోగాన్ని ఫీజు కట్టి మరీ వదిలించడం నాకు సమంజసంగా కనిపించడం లేదు.

ఇంకొక మాట కటువుగానే చెప్పాలి. ఆ పని మీ అబ్బాయికి నచ్చిందో లేదో మీరు ఒక్క వాక్యమైనా రాయలేదు. బంధువులకు చెప్పుకోవడానికి బాగుండదని అతడి ఉద్యోగం మానిపించే హక్కు మీకు లేదు.

మీ భయానికి ఒక చోట ఆధారం ఉంది. ఏడాది గడిచినా కేబుల్ బిగించి లేబుల్ అంటించడమే తప్ప, పరికరంలోకి లాగిన్ అయ్యే అనుమతి ఇవ్వకపోతే అతడు అక్కడ నిలిచిపోతాడు. కనుక కన్సోల్‌లో పనిచేసే అవకాశం ఇమ్మని ఇప్పుడే పై అధికారిని అడగమనండి. సెలవు రోజుల్లో సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏకు చదవమనండి, క్లౌడ్ ఆ తర్వాత సులువుగా అందుతుంది. లాగిన్ ఇచ్చారా, పక్కన నిలబడి నేర్పే సీనియర్ ఎవరైనా ఉన్నారా అన్నది అతడిని అడిగి నాకు రాయండి. రెండింటికీ లేదన్నదే జవాబైతే, వేరే డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ విభాగానికి ఎలా ప్రయత్నించాలో చెబుతాను.