మీ ప్రశ్నలు – నా జవాబులు: 145 పాయింట్లు ఇచ్చుకున్న జట్టు

ప్రశ్న: 2015 ప్రపంచకప్‌లో జపాన్ రగ్బీ జట్టు దక్షిణాఫ్రికాను ఓడించడం ఉత్త గాలివాటం అంటాడు మా అన్నయ్య. కాదంటాను నేను. మీరే తేల్చండి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీదే గెలుపు. అలాగని మీ అన్నయ్యను తప్పుపట్టలేను. ఒకప్పుడు నేనూ ఆ జట్టును లెక్కచేయలేదు.

1995లో పత్రిక డెస్కులో కొత్తగా చేరాను. జూన్ 4న బ్లూమ్‌ఫాంటైన్‌లో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్ వార్త చేతికొచ్చింది. న్యూజిలాండ్ 145, జపాన్ 17. ఏజెన్సీ వాళ్లు పొరపాటున ముందు ఒకటి అదనంగా టైపు చేశారనుకుని, దాన్ని పెన్నుతో కొట్టేసి 45 చేశాను. పక్క సీట్లోని సీనియర్ చూసి, "ముందు ట్రైలు లెక్కపెట్టు నాయనా" అన్నారు. ప్రత్యర్థి గోల్ లైను అవతల బంతిని నేలకు ఆనిస్తే ట్రై. ఆ ట్రైలు 21, ఒక్కోదానికి 5 పాయింట్లు, మొత్తం 105. ట్రై తర్వాత పోస్టుల మధ్యకు తన్నే కన్వర్షన్లు 20, ఒక్కోటి 2 పాయింట్లు. కూడితే సరిగ్గా 145. కొట్టేసిన ఒకటిని బుద్ధిగా మళ్లీ పెట్టాను. ఆ కన్వర్షన్లన్నీ కొట్టి, పైన ఒక ట్రై కూడా చేసిన సైమన్ కల్‌హేన్‌కు అదే మొదటి టెస్టు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌ను అలాగే అంటారు). నేను న్యూజిలాండ్ జట్టు మొత్తానికి రాసిన 45 అతనొక్కడి లెక్క!

రగ్బీ ఆ దేశానికి కొత్తేం కాదు. కేయో విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఎడ్వర్డ్ క్లార్క్, గిన్నోసుకె తనాకా ఈ ఆట నేర్పింది 1899లో. 1932లో ఒసాకాలో ఆడిన మొదటి టెస్టులోనే కెనడాను 9–8తో ఓడించారు. 1971లో టోక్యోకు వచ్చిన ఇంగ్లండ్ 6–3తో ఎలాగో గట్టెక్కింది. 1989లో స్కాట్లండ్ 28–24తో ఓడిపోయింది. ఇంటి దగ్గర ఇంత బాగా ఆడేవాళ్లకు ప్రపంచకప్ అనగానే కాళ్లాడేవి కావు. 2015కు ముందు ఏడు కప్పుల్లో 24 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచారు, 1991లో జింబాబ్వే మీద. రెండు డ్రా. మిగతా 21 ఓటమే.

2012లో ఎడ్డీ జోన్స్ కోచ్‌గా వచ్చారు. ఆస్ట్రేలియాలో పెరిగారు, తల్లిది జపాన్ మూలం. మాకు ఎత్తు లేదు, బరువు లేదు అనే సాకును ఆయన చెవిన పెట్టలేదు. మియజాకి శిబిరంలో తెల్లవారుజామునే లేపి పరిగెత్తించారు. లైనవుట్ (బంతి పక్క గీత దాటాక రెండు జట్ల వరుసల మధ్యకు విసిరి ఆట మొదలుపెట్టడం) నేర్పడానికి ఇంగ్లండ్ నుంచి స్టీవ్ బోర్త్‌విక్‌ను, స్క్రమ్ కోసం ఫ్రాన్స్ నుంచి మార్క్ దాల్ మాసోను తెచ్చుకున్నారు. స్క్రమ్ అంటే ఎనిమిదేసి మంది తలలు వంచి, భుజాలు ఆనించి ఎదురెదురుగా తోసుకోవడం. గాలివాటం అనేవాళ్లకు నేను చూపించేది ఈ స్క్రమ్‌నే. ఎందుకో చెప్తాను.

2015 సెప్టెంబర్ 19, బ్రైటన్. టీవీలో అర్ధరాత్రి దాకా చూశాను. ఆట ముగింపుకొచ్చేసరికి దక్షిణాఫ్రికా 32, జపాన్ 29. గోల్ లైను ముందు జపాన్‌కు పెనాల్టీ దొరికింది. తన్నితే మూడు పాయింట్లు, స్కోరు సమం. రెండుసార్లు ప్రపంచ విజేతతో డ్రా అంటే జపాన్‌లో పండగే. జోన్స్ కూడా తన్నమనే అన్నారు. కెప్టెన్ మైకేల్ లీచ్ మాత్రం స్క్రమ్ అడిగాడు. నాకైతే నోట మాట రాలేదు. తమకంటే బరువైన వాళ్లతో తోపులాటకు దిగుతామని అడిగి మరీ దిగారు! నాలుగేళ్లు ఆ స్క్రమ్ మీద చెమటోడ్చకపోతే ఆ మాట నోటికొస్తుందా? 80 నిమిషాలు దాటిపోయాయి, బంతి చచ్చిందా ఆట అయిపోయినట్టే. కుడివైపు నుంచి చేతులు మారుతూ ఎడమకు వచ్చింది. అమనాకి మాఫీ అందించాడు, అప్పుడే మైదానంలోకి వచ్చిన కార్న్ హెస్కెత్ మూలన పడి ట్రై చేశాడు. 34–32. అందులో 24 పాయింట్లు అందరికంటే వెనక నిలబడే ఫుల్‌బ్యాక్ అయుము గోరోమారువి.

ఆ కప్పులో సమోవాను, అమెరికాను కూడా ఓడించారు. అయినా బోనస్ పాయింట్లు (నాలుగు ట్రైలు చేసినా, ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడినా వచ్చేవి) చాలక గ్రూపు దశలోనే ఇంటిముఖం పట్టారు. మూడు మ్యాచ్‌లు గెలిచీ ముందుకు వెళ్లలేకపోయిన మొదటి జట్టు పాపం వీళ్లదే.

మీ అన్నయ్య ఇంకా ఒప్పుకోకపోతే 2019 చూపించండి. కప్పు జపాన్‌లోనే జరిగింది. షిజువోకాలో ఐర్లండ్‌ను 19–12తో ఓడించారు. తర్వాత హగిబిస్ తుఫాను వచ్చి కొన్ని మ్యాచ్‌లు రద్దయ్యాయి. యొకోహామాలో స్కాట్లండ్‌తో ఆట జరుగుతుందో లేదో అక్టోబర్ 13 ఉదయం దాకా తేలలేదు. జరిగింది, 28–21తో గెలిచారు. ఆడిన నాలుగూ గెలిచి, క్వార్టర్ ఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టయ్యారు. అక్కడ దక్షిణాఫ్రికా 26–3తో బాకీ తీర్చుకుంది, అది వేరే సంగతి.

ప్రశ్న: జపాన్ జట్టులో లీచ్, హెస్కెత్ అనే పేర్లేమిటి? అద్దెకు తెచ్చుకున్నారా?
– ఒక కాలేజీ విద్యార్థి

జవాబు: రగ్బీలో దేశం తరఫున ఆడటానికి పాస్‌పోర్టే ఉండాలని లేదు. తల్లిదండ్రులో, తాతలో అక్కడ పుట్టినా చాలు, తగినన్నేళ్లు అక్కడ నివాసమున్నా చాలు. ఆ గడువు అప్పట్లో మూడేళ్లు, 2022 నుంచి అయిదేళ్లు. క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టిన లీచ్ చదువు కోసం 15 ఏళ్లకే సప్పొరో వచ్చాడు, తర్వాత జపాన్ పౌరుడయ్యాడు. అతణ్ణి అద్దె మనిషి అంటే నేనొప్పుకోను. మీకు వింత కావాలంటే జేమీ జోసెఫ్ ఉన్నారు. 1995 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ ఆటగాడు, 1999లో జపాన్ ఆటగాడు. అప్పటి నిబంధనలు అంత వదులు. 2019లో జపాన్‌ను క్వార్టర్స్‌కు చేర్చిన కోచ్ కూడా ఆయనే.

ప్రశ్న: వాళ్ల చొక్కా మీద ఆ పూలేమిటి?
– ఒక గృహిణి

జవాబు: సకురా, అంటే చెర్రీ పూలు. మొదట్లో ఒకటి మొగ్గ, ఒకటి సగం విచ్చింది, ఒకటి పూర్తిగా విచ్చింది ఉండేవి. 1952లో మూడింటినీ విప్పేశారు.