‘సెట్’ అనే ఇంగ్లిషు మాటకున్న అన్ని అర్థాలూ బట్టీ పట్టాలా?

గుంటూరులో డిగ్రీ చేస్తూ పోటీ పరీక్షలకు చదువుతున్నానని, నిఘంటువులో ‘సెట్’ తీస్తే పేజీలకు పేజీలు వస్తోందని, ఎలా గుర్తుపెట్టుకోవాలని అడిగారు.

బట్టీ పట్టకండి. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఈ ఒక్క క్రియకే 430 అర్థాలున్నాయి. మనకు దగ్గరి దారి ‘పెట్టు’. అలారం పెట్టడం, ముహూర్తం పెట్టడం, నిప్పు పెట్టడం, షరతు పెట్టడం: అన్నిచోట్లా ఇంగ్లిషులో సెట్ సరిపోతుంది. పాత ఇంగ్లిషులో సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. ఆ ‘బెట్టు’ మన పెట్టే కదా! అయితే తిరగేసి వాడకూడదు. అన్నం పెట్టడానికీ పేరు పెట్టడానికీ సెట్ పనికిరాదు.

రెండోది, వాక్యంలో ‘దేన్ని?’ అని అడిగి చూడండి. జవాబు లేకపోతే పని దానంతటదే జరుగుతోందన్నమాట. బ్యారేజీ మీంచి చూస్తే పొద్దు కుంకుతుంది, గిన్నెలో పెరుగు తోడుకుంటుంది, తాపీలో సిమెంటు బిగుసుకుంటుంది. మూడూ సెట్టే, తెలుగులో మూడు క్రియలు. సివిల్ విద్యార్థులైతే సిమెంటు దగ్గర జాగ్రత్త. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలవకూడదు, 600 నిమిషాల్లోపు పూర్తవాలి. ఇది సెట్టింగ్. ఆ తర్వాత వారాల తరబడి బలం పుంజుకోవడం హార్డెనింగ్. రెంటికీ ‘గట్టిపడటం’ అని రాస్తే తేడా పోతుంది.

అసలు తంటా వెనకొచ్చే చిన్న మాటలతోనే. జీతంలో కొంత ‘సెట్ అసైడ్’ చేస్తే విడిగా తీసిపెట్టినట్టు. హైకోర్టు కింది కోర్టు తీర్పును ‘సెట్ అసైడ్’ చేస్తే రద్దు చేసినట్టు. దాన్ని ‘పక్కన పెట్టింది’ అని అనువదిస్తే, తర్వాత చూద్దామని వాయిదా వేసిందనుకుంటారు. ‘సెట్ ఇన్’ వానకు చెబితే ముసురు పట్టడం. ‘సెట్ ఆఫ్’ ప్రయాణానికి బయల్దేరడం, టపాకాయకు పేల్చడం, పన్ను లెక్కల్లో లాభంలోంచి నష్టాన్ని మినహాయించుకోవడం. ‘సెట్‌బ్యాక్’ పేపర్లో ఎదురుదెబ్బ, విజయవాడ బిల్డరు నోట్లో ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ.

టీ కప్పుల సెట్టు, లెక్కల్లో సమితి వేరే దారిన కలిశాయి. లాటిన్‌లో అనుచరుల గుంపును చెప్పే ‘సెక్టా’ పాత ఫ్రెంచి మీదుగా వచ్చి, పలికే తీరు ఒకటే కావడంతో దీంట్లో కలిసిపోయింది. ఈఏపీసెట్, ఐసెట్‌లలోని సెట్‌కు ఏ సంబంధమూ లేదు, అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌కు పొడి అక్షరాలు.

ఇంటర్వ్యూల్లో మనవాళ్లు దొరికిపోయేది మాత్రం మన సొంత ‘సెట్ అయింది’ దగ్గర. ఉద్యోగం సెట్ అయిందంటే ‘ఐ గాట్ ది జాబ్’. చొక్కా సెట్ కాలేదంటే ‘సూట్’. హాస్టల్ తిండి సెట్ కాలేదంటే ‘డజంట్ అగ్రీ విత్ మీ’. వాడితో సెట్ కాదంటే ‘వుయ్ డోంట్ గెట్ అలాంగ్’. వీటిలో ఎక్కడా సెట్ రాదు.

తప్పు దిద్దే ప్రశ్నల్లో ‘సెట్టెడ్’ కనిపిస్తే అదే తప్పు. మూడు రూపాలూ సెట్, సెట్, సెట్. ‘హీ సెట్ ది అలారం’లో చివర ‘స్’ లేదు కాబట్టి అది నిన్నటి పని, రోజూ చేసే పనైతే ‘హీ సెట్స్’.