క్రీస్తును నమ్ముకున్నా సొంతవారిని క్షమించలేకపోతే మన విశ్వాసం అబద్ధమా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. క్రీస్తును నమ్ముకుని ఇన్నేళ్ళయినా, మోసం చేసిన మీ అక్కయ్యను క్షమించలేకపోతున్నారు కాబట్టి మీ విశ్వాసం అబద్ధమా అన్నది ఒకటి. క్షమించడమంటే ఏమీ జరగనట్టు మళ్ళీ కలిసిమెలిసి ఉండడమేనా అన్నది రెండవది. ఇలాంటిదే మా ఇంట్లోనూ జరిగింది కనుక నా అనుభవం నుంచే జవాబు చెబుతాను.

నాన్న మంచాన పడి ఉన్న రోజుల్లో మా అన్నయ్య ఆయన చేత సంతకం చేయించుకుని ఇల్లు తన పేరు మీద రాయించుకున్నాడు. నాన్న పోయిన తర్వాత గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. అప్పటినుంచి అన్నయ్య నాకు చేసిన అన్యాయాలన్నిటినీ ఒక నోటు పుస్తకంలో తారీఖులతో సహా రాసుకుంటూ వచ్చాను. చిన్ననాటివి కూడా వదలలేదు. కొన్నేళ్ళకు నేను ప్రభువును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాను. ఆ పుస్తకం మాత్రం బీరువాలో నా బైబిలు పక్కనే ఉండేది.

ఒక ఆదివారం ఆరాధనలో అందరితో కలిసి యేసు నేర్పిన పరలోక ప్రార్థన చెబుతుండగా, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న చోట నాకు నోరు పెగలలేదు. చుట్టూ ఉన్నవారు ఆమేన్ వరకూ వెళ్ళిపోయారు, నేను ఆ మాట దగ్గరే ఉండిపోయాను. లూకా సువార్తలో ఇదే ప్రార్థనలో "పాపములను" అని ఉంటుంది, మత్తయిలో "ఋణములు" అని ఉంది. లెక్కల పుస్తకం దాచుకున్న మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో మీరు ఊహించగలరు.

ఇంటికి వచ్చి మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానం మళ్ళీ చదివాను. రాజుకు పదివేల తలాంతులు బాకీపడిన దాసుడు క్షమాపణ పొంది, బయటికి వస్తూనే తనకు నూరు దేనారములు ఇవ్వవలసిన తోటి దాసుని గొంతు పట్టుకుంటాడు. దేనారము ఒక కూలివాని రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారములు. అంటే ఒకరి అప్పు 6 కోట్ల రోజుల కూలి, రెండవవాని అప్పు 100 రోజుల కూలి. ప్రసంగాల్లో ఇది విన్నప్పుడల్లా నాకు జరిగిన నష్టాన్ని కొట్టిపారేస్తున్నట్టు అనిపించి లోలోపల కోపం వచ్చేది. ఆ రోజు తెలిసింది, మూడు నెలలకు పైగా చేసిన కష్టం ఏ కూలివానికీ చిన్న మొత్తం కాదని. యేసు ఆ అప్పు లేదని అనలేదు. ఉన్న అప్పునే వదిలిపెట్టమన్నాడు.

మరి ఆరు కోట్ల రోజుల అప్పు నాకెక్కడిది? అమ్మ తన ఆఖరి ఏడాది అన్నయ్య దగ్గరే ఉంది. అతని ముఖం చూడవలసి వస్తుందని నేను ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించి, ఆపైన మానేశాను. చివరిసారి వెళ్ళినప్పుడు ఆమె నా చొక్కా చేతి అంచు పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా, చాలాసేపు వదలలేదు. నేను గడియారం చూసుకుని ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించుకుని వచ్చేశాను. నా పుస్తకంలో ఆ తారీఖు లేదు. ఇక ఆ అప్పు తీర్చడానికి అమ్మ కూడా లేదు. క్రీస్తు నా పాపాల కోసం సిలువ మీద చనిపోయాడని అంతకుముందూ నమ్మాను, ఇతరులకు చెప్పాను కూడా. కానీ అది తప్ప నాకు వేరే గతి లేదని తెలిసి నమ్మింది ఆ రాత్రే.

తర్వాత అన్నయ్య పేరు పెట్టి ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. మొదట్లో అవి పళ్ళు బిగించి పలికిన మాటలే. కొన్ని నెలలకు నా భార్య ఒక సంగతి గమనించి చెప్పింది: పిల్లలు తప్పు చేసినప్పుడు వాళ్ళ పాత తప్పులు తవ్వి తీయడం నేను మానేశానట. అన్నయ్య మీద మొదలుపెట్టిన లెక్క ఇంట్లో అందరి మీదా నడుస్తోందని అప్పటిదాకా నాకే తెలియదు. కనుక మీ విశ్వాసం అబద్ధమని నేను అనను. క్షమించలేకపోతున్నానన్న బాధను దేవుని ఎదుట దాచకుండా చెప్పుకోండి. నా విషయంలో మార్పు అక్కడే మొదలైంది.

రెండవ ప్రశ్నకు ఆదికాండంలోని యోసేపును చూడండి. ఇరవై తులాల వెండికి తనను అమ్మేసిన అన్నలు ధాన్యం కోసం ఐగుప్తుకు (ఈజిప్టుకు) వచ్చినప్పుడు, అక్కడ అధికారిగా ఉన్న అతను చాటుకు వెళ్ళి ఏడ్చాడే గానీ వెంటనే కౌగిలించుకోలేదు. అన్నల్లో ఒకడైన షిమ్యోనును పట్టి ఉంచాడు, ఇంటి దగ్గరున్న చిన్న తమ్ముడు బెన్యామీనును తీసుకురమ్మన్నాడు, ఆ తమ్మునికి బదులు నేను దాసునిగా ఉంటానని మరో అన్న యూదా ముందుకు వచ్చిన తర్వాతే తానెవరో చెప్పాడు. నేను అన్నయ్యను క్షమించాను. అతనితో కలిసి ఏ కాగితం మీదా సంతకం పెట్టను. ఈ రెండూ ఒకచోట ఇమడవని కొందరు విశ్వాసులే అంటారు, నేను ఒప్పుకోను. మోసం ఇంకా సాగుతూ ఉంటే చట్టాన్ని ఆశ్రయించడం కూడా క్షమకు విరుద్ధం కాదు.

అన్నయ్యకు ఫోన్ చేసి, అమ్మ విషయంలో నేను చేసిన తప్పు ఒప్పుకుని క్షమించమని అడిగాను. ఇంటి సంగతి ఎత్తలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకురా" అని పెట్టేశాడు. ఐగుప్తులో 17 ఏళ్ళు కలిసి బతికి, తండ్రి యాకోబు పోయాక కూడా యోసేపు అన్నలు అతను పగ తీర్చుకుంటాడేమోనని భయపడ్డారు కదా. అందుకని మా అన్నయ్యను నేను తప్పుపట్టలేదు. నెలకొకసారి ఫోన్ చేస్తూనే ఉన్నాను. రెండు నిమిషాలు మాట్లాడతాడు. కిందటిసారి పెట్టేసే ముందు కాసేపు ఊరుకుని, "అమ్మ నిన్ను రోజూ అడిగేదిరా" అన్నాడు.