94 వేలు వచ్చాయి, ఎటు పోయాయి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. సొంత పొలం ఎకరంన్నర, కౌలుకు ఇంకో రెండెకరాలు. పత్తి వేస్తాం. మా అత్తగారికి వితంతు పెన్షన్ నెలకు 4 వేలు వస్తుంది. ఇద్దరు పిల్లలకీ తల్లికి వందనం, మా ఆయనకు అన్నదాత సుఖీభవ పడుతున్నాయి. ఏడాదికి లెక్కేస్తే 94 వేలు. చేతిలో మాత్రం పైసా లేదు. రెండేళ్ల కిందట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 80 వేలు అలాగే ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మరిది “ఊరికే వచ్చే డబ్బు నిలవదు వదినా” అంటాడు. ఈ ఏడాదైనా కంటికి కనపడే పని ఒకటి చేయాలని ఉంది. గేదెను కొనమంటారా, చీటీ వేయమంటారా, పాప పేరున సుకన్య కట్టమంటారా? పాపకు తొమ్మిదేళ్లు, బాబు ఎనిమిదో తరగతి. డ్వాక్రా సంఘంలో ఉన్నాను. ఇప్పుడు అందులో అప్పేమీ లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ 94 వేలను విడదీద్దాం. పెన్షన్ 48 వేలు, తల్లికి వందనం 13 వేల చొప్పున ఇద్దరికి 26 వేలు, పీఎం కిసాన్‌తో కలిపి అన్నదాత సుఖీభవ 20 వేలు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఇందులో సగానికి పైగా మీది కాదు, మీ అత్తగారిది. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఆమె చేతిలో పెట్టే డబ్బు. బీపీ మాత్రలకూ, మనవరాలికి కొనిచ్చే బిస్కెట్ ప్యాకెట్‌కూ, గుడికి పోయేటప్పుడు ఆటో చార్జీకీ ఆమె కొడుకును అడగనక్కర్లేదు. ఆ ముసలావిడ మాటకు ఇంట్లో ఈ నాలుగైదేళ్లలో విలువ పెరిగిందో లేదో మీకే తెలియాలి. నేను చూసిన చాలా ఇళ్లలో పెరిగింది. ఇంట్లో సరుకులకు ఆమె ఇష్టపడి ఎంత ఇస్తే అంత తీసుకోండి. ఆ పెన్షన్‌ను నమ్ముకుని ఏ నెలవాయిదా మాత్రం ఒప్పుకోవద్దు. అది ఆమె ఉన్నంత కాలమే వస్తుంది. చెప్పడానికి బాగోలేదు గానీ, లెక్క రాసేటప్పుడు ఇది దాచకూడదు.

ఇక మీ చేతికొచ్చే 46 వేల సంగతి. 80 వేలకు నూటికి మూడంటే నెలకు 2,400, ఏడాదికి 28,800. అంటే అన్నదాత సుఖీభవ 20 వేలూ వడ్డీకే పోయాయి. అవి చాలక పిల్లల డబ్బులోంచో పత్తి డబ్బులోంచో ఇంకో 8,800 కలిపారు. ఇంత చేసినా అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. మీ మరిది అన్న ‘నిలవని డబ్బు’ అప్పిచ్చిన ఆయన ఇంట్లో భద్రంగా నిలిచి ఉందమ్మా.

కాబట్టి గేదె కన్నా, చీటీ కన్నా ముందు ఈ అప్పును మార్చండి. సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణానికి వడ్డీ సాధారణంగా నూటికి రూపాయి దాటదు. నూటికి రూపాయే అనుకుందాం. 80 వేలు తీసుకుని 36 నెలల్లో తీరుస్తానంటే నెలకు సుమారు 2,660 పడుతుంది. ఇప్పుడు ఉత్త వడ్డీయే 2,400 కదా. ఇంకో 260 కలిపితే మూడేళ్లకు అసలు కూడా తీరిపోతుంది. ఈ ఒక్క వాక్యం మీ ఆయనకు రెండుసార్లు చదివి వినిపించండి.

నెలనెలా కట్టడానికి పత్తి రైతు దగ్గర డబ్బెక్కడిదని అడుగుతారు. సరైన ప్రశ్నే. ఏడాదికి కట్టాల్సింది దాదాపు 32 వేలు. అన్నదాత సుఖీభవ 20 వేలు, తల్లికి వందనంలోంచి 12 వేలు కలిపితే సరిగ్గా అంతే. 2025లో తల్లికి వందనం జూన్‌లో పడింది. అన్నదాత మొదటి విడత 7 వేలు ఆగస్టు 2న, రెండోది నవంబరులో వచ్చాయి. జూన్‌లో 12 వేలు పక్కన పెడితే నాలుగు నెలల వాయిదాలు గడుస్తాయి, తర్వాతి వాటికి విడతలు అందుకుంటాయి. ప్రభుత్వం డబ్బు ఒక్కోసారి ఆలస్యమవుతుంది కాబట్టి మిగిలిన 14 వేలలో ఇంకో 5,500 మీ ఖాతాలోనే కదపకుండా ఉంచండి. బడి తెరిచినప్పుడు అయ్యే ఖర్చులకు తక్కింది సరిపోవాలి. పిల్లలు సర్కారు బడిలో చదువుతుంటే పుస్తకాలు, బూట్లు, యూనిఫారం బడిలోనే ఇస్తారు.

అప్పు తీర్చే రోజు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంట తీసుకెళ్లండి. ప్రామిసరీ నోటు మీద చెల్లు రాయించుకుని, ఆ నోటు తెచ్చుకోండి. “తర్వాత ఇస్తాలే” అంటే అక్కడే కూర్చోండి.

మీ మరిది డబ్బు నిలవదంటాడు; ఊరికే డబ్బులిస్తే జనం సోమరులైపోతారని నా దగ్గరకొచ్చే చదువుకున్నవాళ్లూ అంటారు. 2011లో మధ్యప్రదేశ్‌లోని కొన్ని పల్లెల్లో ‘సేవ’ అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ సాయంతో దీన్ని పరీక్షించి చూసింది. ఏ షరతూ లేకుండా పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చారు. ఏడాది తర్వాత 300, 150 చేశారు. అప్పులు తగ్గాయి. చిన్న రైతులు కూలికి పోవడం తగ్గించుకుని సొంత పొలంలో ఎక్కువ పని చేశారు. రెండొందలతో ఇంత ఎలా జరిగిందని మొదట నాకూ అనుమానమే. తర్వాత అర్థమైంది. ఫలానా రోజున డబ్బు వస్తుందని తెలిసిన మనిషి వారం ముందు చేబదులుకు పరుగెత్తడు.

మా నాన్నకూ ఎరువుల కొట్టులో ఖాతా ఉండేది. విత్తనాలు, మందులు అక్కడే అరువు. పత్తి వచ్చాక తూకమూ అక్కడే, వాళ్లు చెప్పిన రేటుకే. ఆ ఖాతా పుస్తకంలో వడ్డీ అన్న మాట ఎక్కడా ఉండేది కాదు. అరువు రేటు వేరు, నగదు రేటు వేరు, అంతే. మీకూ అలాంటి ఖాతా ఉందనే అనుకుంటున్నాను. ఈసారి ఒక మందు డబ్బా పేరు చెప్పి రెండు రేట్లూ అడిగి చూడండి. తేడాయే మీరు కడుతున్న వడ్డీ. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ కేంద్రానికి తీసుకెళ్లాలంటే తేమ 12 శాతం దాటకూడదు. ఆరబెట్టడానికి, వంతు వచ్చేదాకా ఆగడానికి ఓపిక కావాలి. కొట్టు బాకీ నెత్తిన ఉన్నవాడికి ఆ ఓపిక ఎక్కడిది?

అందుకని సొంత ఎకరంన్నర మీద బ్యాంకులో పంట రుణం అడగండి. వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. 2 లక్షల దాకా తనఖా కూడా అక్కర్లేదు. అన్నదాత విడత ఆగస్టులో పడితే జూన్ విత్తనాలకు అందదు కదా, ఆ లోటును ఇది పూడుస్తుంది. కౌలు రెండెకరాలకు కౌలు కార్డు తీసుకోండి. పొలం యజమాని సంతకానికి జంకితే, 2019 చట్టం ప్రకారం ఆ ఒప్పందం 11 నెలలకేననీ, ఆయన హక్కుకు ఢోకా లేదనీ సచివాలయం ఉద్యోగి చేతే చెప్పించండి. పంట వివరాలు నమోదు చేసే ఈ-పంటలో మీ ఆయన పేరు ఎక్కిందో లేదో కూడా చూసుకోండి.

చీటీ గురించి మీకో సంగతి చెప్పాలి. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ కొన్ని ఊళ్లలో నెలకు 22.50 డాలర్ల చొప్పున 12 ఏళ్లు ఇస్తామని మొదలుపెట్టింది. ఎక్కువ కాలం వస్తుందని నమ్మినవాళ్లు ఏం చేశారనుకున్నారు? మన చీటీల్లాంటివే వేసుకుని, నెలనెలా వచ్చే చిన్న మొత్తాన్ని ఒకేసారి పెద్ద మొత్తం చేసుకున్నారు. మనవాళ్లకు కొత్తేం కాదు. ఆలోచన మంచిదే, నాకున్న భయమల్లా చీటీ నడిపే మనిషి గురించే. రిజిస్టరు కాని చీటీలో ఆ మనిషి ఊరొదిలితే మీరు అడగడానికి ఎవరూ ఉండరు. మీకు సంఘంలో పొదుపు ఉండగా ఇంకోటి ఎందుకు?

గేదెను ఈ ఏడాది వద్దు. దానికి మళ్లీ అప్పు చేయాలి. పాలిచ్చే నెలల లెక్కే అందరూ చెబుతారు, వట్టిపోయాక మేపాల్సిన నెలల లెక్క ఎవరూ చెప్పరు. పైగా పత్తి తీతలప్పుడు మీరు పొలంలో ఉంటే గడ్డి ఎవరు కోస్తారు? వాయిదాలు ఒక ఏడాది తప్పకుండా కట్టాక మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మీరు అడగకపోయినా ఒకటి. మీ ఆయన పేరున బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా చేయించండి. ఒక్కోదానికి 2 లక్షలు. పత్తికి మందు కొట్టే మనిషికి ఇది లేకుండా ఉండకూడదు.

సుకన్యకు 8.2 శాతం వస్తుంది. మీరు కడుతున్న వడ్డీ 36 శాతం. ఈ అప్పు తీరకుండా అక్కడ వేలకు వేలు పోయడం నష్టం. అయినా ఖాతా మాత్రం ఇప్పుడే తెరవండి, ఎందుకంటే పాపకు పదేళ్లు నిండితే ఇక తెరవనివ్వరు. ఏడాదికి 250 వేస్తే ఖాతా నిలిచి ఉంటుంది, అప్పు తీరాక పెంచుకోవచ్చు. పాప పుట్టినరోజు ఏ నెలలోనో మీరు రాయలేదు. అది వచ్చే నెలే అయితే మిగతావన్నీ ఆపి, ముందు పాప బర్త్ సర్టిఫికెట్, మీ ఆధార్ పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లిరండి.