పెళ్లిరోజుకి దిండి హౌస్‌బోట్: ఏ రోజు, ఏ వేళ, ఏం అడిగి బుక్ చేసుకోవాలి?

డిసెంబరులో పెళ్లిరోజు, దిండిలో హౌస్‌బోట్ మీద ఇద్దరమే ఒక పగలు, ఒక రాత్రి ఉందామనుకుంటున్నాం, కేరళలాగే ఉంటుందా అని కదా మీ ప్రశ్న.

బోటు చూడ్డానికి కేరళ బోటే, నీళ్లే వేరు. దిండి కోనసీమలో, గోదావరి పాయల్లో ఒకటైన వశిష్ఠ ఒడ్డున ఉంది. ఆ పాయ దిగువన అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది కాబట్టి ఇక్కడి నీళ్లు రోజుకి రెండుసార్లు ఎక్కుతాయి (పోటు), రెండుసార్లు దిగుతాయి (పాటు). గది, ఏసీ, భోజనం గురించి అందరూ అడుగుతారు. బుక్ చేసేముందు అడగాల్సిన మొదటి మాట మాత్రం "ఆ రోజు పోటు ఎన్నింటికి?" అన్నది. కౌంటరు దగ్గర "ఎప్పుడైనా పర్లేదండి" అంటే, బోటు నడిపే సరంగుతో ఒక్క నిమిషం మాట్లాడించమనండి.

ఎందుకంటే, వశిష్ఠలో ఇసుక మేటలు ప్రతి వరదకీ చోటు మారతాయి. హౌస్‌బోట్ అడుగు చదునుగా ఉంటుంది, కొద్దిపాటి నీళ్లలోనూ తేలుతుంది, అయినా పాటు బాగా తీసినప్పుడు మేట మీద కూర్చుంటుంది. పోటు ఎక్కుతున్నప్పుడు కూర్చుంటే కాసేపటికి నీళ్లే లేపుతాయి. పాటు తీస్తున్నప్పుడు కూర్చుంటే నీళ్లు పూర్తిగా దిగి మళ్లీ ఎక్కేదాకా అక్కడే, అంటే కొన్ని గంటలు. సరంగు పక్కన కుర్రాడు గెడ వేసి లోతు చూస్తుంటాడు, గమనించండి. గెడ మీద తడి గీత కిందికి దిగేకొద్దీ బోటు జోరు తగ్గిస్తారు. అందుకని పోటు నిండడానికి రెండు గంటల ముందు బయల్దేరి, నిండు పోటు మీద తిరిగి రావడం మంచిది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈరోజు మధ్యాహ్నం 3 గంటలకైతే రేపు 3:50కి. రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ ఇంచుమించు అదే వేళకి వస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోటుపాట్ల అంచనాలు ఇస్తుంది, కాకినాడ లెక్క చూసుకోండి. అది సముద్రపు ఒడ్డు లెక్క. నది లోపలికి పోటు అందేసరికి ఇంకాస్త ఆలస్యమవుతుంది, ఎంతన్నది సరంగుకి తెలుసు. పెళ్లిరోజు తేదీ మార్చలేరు గానీ బోటు ఎక్కే వేళ మార్చుకోవచ్చు కదా.

అమావాస్య, పౌర్ణమి దాపుల్లో పోటుపాట్ల తేడా ఎక్కువ, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మీటరు దాటుతుంది. అష్టమి దాపుల్లో తక్కువ, బోటుకి హాయి. వెన్నెల కావాలనుకుంటే పౌర్ణమికే వెళ్లండి, కాకపోతే రాత్రి బోటు కట్టే చోటు చూసుకోవాలి. చీకటి పడకముందే బోటుని రేవుకి కట్టేస్తారు, రాత్రంతా నది మీద తిరుగుతారనుకోకండి. నిండు పోటు మీద మోకులు బిగించి కడితే, అర్ధరాత్రి నీళ్లు దిగాక బోటు మోకుల మీద వేలాడి ఒక పక్కకి ఒరుగుతుంది. మంచం వాలుగా అవుతుంది, బాత్‌రూం నీళ్లు గుమ్మం వైపు వస్తాయి. మోకుల్లో వదులు ఉంచారా అని పడుకోబోయే ముందు అడగండి. ఒడ్డుకి వేసిన చెక్క కూడా అప్పుడు నిటారుగా అవుతుంది, దానికి అంటిన ఒండ్రు నూనెలా జారుతుంది. టార్చి, పట్టున్న చెప్పులు దగ్గర పెట్టుకోండి.

గాలి సంగతి. తెల్లవారుజామున నది అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి నది ఎగువకి కొడుతుంది. అదే సమయంలో పాటు నీళ్లు కిందికి లాగుతుంటే రెండూ ఎదురెదురై పొట్టి అలలు లేస్తాయి. ప్రమాదమేమీ లేదు గానీ టీ కప్పులు కదులుతాయి, కొందరికి కడుపులో తిప్పుతుంది. అంతర్వేది మొగ దాకా తీసుకెళ్లమని మాత్రం పట్టుబట్టకండి. పైన బరువు, కింద చదును ఉన్న బోటుకి అక్కడి సముద్రపు అల పడదు. నదీ సముద్రం కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూడాలంటే మర్నాడు కారులో వెళ్లండి.

డిసెంబరు, జనవరిలో పొద్దున పొగమంచు పట్టిందంటే బోటు కదలదు. సాయంత్రం అయిదున్నరకే పొద్దు వాలుతుంది. కాబట్టి తిరిగే గంటలు తగ్గుతాయి, ఉదయం ఎక్కే ప్యాకేజీయే తీసుకోండి. సంక్రాంతి వారం వద్దేవద్దు, గదులు దొరకవు, గట్లన్నీ కోడిపందేల జనమే. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ రోజుల్లో బోటు ఊసే ఎత్తకండి. వరద తీశాక కొన్నాళ్లు కాలువల నుంచి గుర్రపుడెక్క కొట్టుకొస్తుంది. అది బోటు ఇంజను పంకాకి చుట్టుకుంటే ఇంజను ఆపి, కుర్రాడు నీళ్లలోకి దిగి కోసి తీయాలి.

టన్నున్నర ఏసీ ఒక్కటే ఇంచుమించు కిలోవాటున్నర లాగుతుంది. బోటు నడిచేటప్పుడు ఏసీ వేస్తారా, రాత్రి రేవు కరెంటా, జనరేటరా, ఎన్ని గంటలు అన్నది ముందే తేల్చుకోండి. జనరేటరైతే దానికి దూరంగా, ముందు వైపున్న గది అడగండి. డిసెంబరులో రాత్రి ఏసీ అవసరం రాదు గానీ కిటికీలకి దోమతెర లేకపోతే నిద్ర ఉండదు.

లైఫ్ జాకెట్ తొడిగి, బెల్టులు బిగించి, ఇంకొకరిని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే సైజు పెద్దది, మార్చమనండి. ఫొటో కోసం రెయిలింగు ఎక్కి కూర్చోవద్దు. ఇద్దరూ ఒకే పక్కకి ఒరిగితే ఏమీ కాదు, సిబ్బందీ సామాన్లూ కూడా అటే చేరితే తేడా తెలుస్తుంది.

భోజనం ఎక్కేటప్పుడే చెప్పాలి, దారిలో సంత ఉండదు. రొయ్యల వేపుడు, పండుగప్ప పులుసు అడగొచ్చు. డిసెంబరులో పులస అని ఎవరైనా పెడితే నవ్వి ఊరుకోండి, పులస వరద గోదారి చేప.

నర్సాపురం రైల్లో పాలకొల్లులో దిగి రోడ్డున వస్తే, చించినాడ వంతెన దాటగానే దిండి. ఇరుకు కాలువలు, చెట్ల నీడే ముఖ్యమనుకుంటే దిండి కన్నా కాకినాడ, యానాం మధ్య కోరింగ మడ అడవులు నయం. అక్కడ రాత్రి బస ఉంటుందో లేదో ముందే అడగండి. అక్కడా పోటు వేళే వెళ్లాలి, పాటులో పాయల్లోకి బోటు దూరదు, ఒండ్రులో నిలబడ్డ శ్వాసవేళ్లే కనిపిస్తాయి. పెద్ద ఖర్చు లేకుండా గోదారి గాలి కావాలంటే నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి నది దాటించే పంటు ఎక్కండి. బైకు కూడా ఎక్కించుకుంటారు.