ఆరుగురు రాసినా మాట ఒక్కటే ఉండాలె

తమ్మీ,

మన సాఫ్ట్‌వేర్ తెలుగు మాన్యువల్ కోసం నువ్వు పంపిన ఇన్‌స్టలేషన్ పేజీలు రాత్రి కూసొని మొత్తం చదివిన. ఆరుగురు మనసు పెట్టి రాసిన్రు. కానీ మొదటి పేరాల 'ఫైలు', మూడో పేరాల 'దస్త్రం', కిందికి పోతే 'ఫైల్'. కొత్తగ నేర్చుకునే పిల్ల ఇవి మూడు వేరే వేరే వస్తువులనుకుంటది. కథల ఒకటే మాట మళ్లమళ్ల వస్తే విసుగు. మాన్యువల్‌ల అదే మాట రావాలె.

కంటికి కనబడని చిక్కు ఇంకోటున్నది. నువ్వు 'సాఫ్ట్‌వేర్' అని రాసినవ్, ఇంకొకరు 'సాఫ్ట్వేర్' అని వ-ను వత్తు చేసిన్రు. నీ దాంట్ల పొల్లు తర్వాత కనబడని అక్షరం ఒకటున్నది, అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌ల దాని నంబరు 200సి. ఒక తీరుగ వెతికితే రెండో తీరుది దొరకకపోవచ్చు. నేనొకసారి ఒక మాటను అన్ని పేజీలల్ల మార్చిన అనుకున్న. సగం పేజీలల్ల పాతదే మిగిలింది. ఎందుకో రెండు రోజులకు గాని తెలువలే.

అందుకే రిపాజిటరీల, అంటే మన పేజీలన్ని దాచే చోట, 'శైలి' అని చిన్న ఫైలు పెట్టు. మొదలు ఇరువై మాటలు చాలు. ఏది రాస్తం, ఏది రాయం, ఎందుకు. ఆ 'ఎందుకు' లేకపోతే ఆర్నెల్లకు అదే కొట్లాట మళ్ల మొదలైతది. కొత్త పేజీని అసలు దాంట్ల కలిపే (మెర్జ్) ముందు, ఫైళ్లల్ల మాటలు వెతికే 'గిట్ గ్రెప్' కమాండ్ కొట్టి వద్దన్న మాటలు ఉన్నయేమో చూడు.

మాటలు దిద్దుడు, విషయం మార్చుడు ఒకే కమిట్‌ల, అంటే ఒకసారి దాచే మార్పుల మూటల, కలుపకు. యాభై లైన్ల దిద్దుబాటు నడుమ ఒక కమాండ్ మారితే రివ్యూ చేసెటోళ్లకు కనబడది. లైనుకు ఒక వాక్యమే రాయుండ్రి; ఏ వాక్యం మారిందో పాతకు కొత్తకు తేడా చూపే డిఫ్‌ల వెంటనే తెలుస్తది.

మన యాస ఎందుకు వద్దని అడిగినవ్. కాళోజీ తిరిగిన హన్మకొండల ఉండి మన మాట తక్కువదని నేనెట్లంట? మొత్తం మాన్యువల్ మన బాసల రాద్దామని ఆరుగురు ఒప్పుకుంటే అందరికన్న ముందు నేనుంట. కానీ ఒక దగ్గర 'ఒత్తుండ్రి', ఇంకో దగ్గర 'నొక్కండి', వేరే దగ్గర 'నొక్కవలెను' అంటే చదివేటోళ్లు ఆగిపోతరు.

ఇంకొక్కటి. మంచిర్యాల నుంచి మొదటిసారి పేజీ పంపిన చెల్లెకు పదిహేడు కామెంట్లు పెట్టిన్రు. అట్ల చేయకుండ్రి. ఆమె రాసింది తీసుకో, మాటలు నువ్వే దిద్దు, ఏం దిద్దినవో ప్రేమతోని చెప్పు. రెండో పేజీకి ఆమెనే సరిచూసుకుంటది.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొని ఇంటికి రా. 'ఫైలు' కాడ మొదలుపెడదాం.

మీ అన్న