స్నేహితుడి సలహా రెండు పేజీలా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నాటిక రెండుసార్లు చదివాను. ప్రేమ ఫలించని కుర్రాడికి స్నేహితుడు ధైర్యం చెప్పే రంగం దగ్గర రెండుసార్లూ నా పెన్సిల్ ఆగింది. రెండు పేజీలు స్నేహితుడే మాట్లాడాడు. అవతలివాడు "నిజమేరా" అంటూ కూర్చున్నాడు. మనసు విరిగినవాడు అంత బుద్ధిగా వింటాడా?

'రోమియో జూలియట్' మొదటి అంకం మళ్ళీ తీసి చదువు. 1597లోనే అచ్చయిన నాటకం. రోమియో ముందుగా మనసు పడింది జూలియట్ మీద కాదు, రోజలిన్ మీద. ఆమె ఒప్పుకోదు. నాటకంలో ఒక్క మాటైనా మాట్లాడదు. ఆ బెంగతో తెల్లవారకముందే చెట్ల మధ్య తిరిగి, ఇంటికొచ్చి కిటికీలు మూసుకుంటున్నవాడికి స్నేహితుడు బెన్వోలియో చెప్పేది ఇంతే: మరిచిపో, మరో అందగత్తెను చూడు. ఒక మంట ఇంకో మంటను ఆర్పుతుందంటాడు. మనం ముల్లును ముల్లుతో తీయాలంటామే, అదే లెక్క.

రోమియో జవాబు చూడు. దానికి ప్లాంటెయిన్ ఆకు బాగా పనిచేస్తుందంటాడు. దేనికని అడిగితే, నీ మోకాలి కింద దెబ్బకు అంటాడు! అది మన అరటాకు కాదు, గాయాలకు వేసే చిన్న మొక్క ఆకు. ఎప్పుడైనా అనువాదానికి దిగితే జాగ్రత్త. నీ రెండు పేజీలు చెప్పలేని నొప్పి ఆ ఎకసెక్కంలో ఉంది.

సరిగ్గా అప్పుడే చదువురాని నౌకరు ఒకడు విందుకు పిలవాల్సినవాళ్ళ జాబితా తెచ్చి చదివిపెట్టమంటాడు. అందులో రోజలిన్ పేరుంది. రా, నీ హంస కాకిలా కనబడేట్టు చేస్తానంటాడు బెన్వోలియో. రోమియో వెళతాడు, మిత్రుడి మాట విని కాదు, రోజలిన్ కనబడుతుందని. అక్కడ జూలియట్ కంటపడుతుంది. సలహా అక్షరాలా ఫలించింది, రోమియో ప్రాణం మీదికి వచ్చింది. పాపం, బెన్వోలియోకు ఆ కొత్త ప్రేమ సంగతే తెలియదు. మూడో అంకంలో కత్తిపోట్ల గొడవ ప్రభువుకు విన్నవించాక అతను మళ్ళీ కనబడడు.

నీ రెండో రంగంలో పెళ్ళివిందు ఎలాగూ ఉంది. దాని శుభలేఖ మొదటి రంగంలోనే బల్ల మీద పడెయ్. స్నేహితుడి మాటలు ఎనిమిది వాక్యాలకు తగ్గించు. కుర్రాడు అందులో ఒక్కటీ ఒప్పుకోకూడదు, అయినా చొక్కా మార్చుకుని బయలుదేరాలి. తల్లి పాత్ర బాగుంది, దాన్ని ముట్టుకోకు. తిరగరాసింది పండగలోగా పంపు.